దెబ్బ తిన్న పిల్లోడి పేరేంది?

ప్రశ్న: టీచరమ్మ గారూ, నేను కర్నూలులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా పేటలో జరిగిన ఒక గొడవ మీద 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. ఉగ్గాని బండి దగ్గర బైకుకు గీత పడిందని మాటామాటా పెరిగింది. ఒకడు ఇంకొకడిని హెల్మెట్‌తో కొట్టాడు. ఒక్కటే దెబ్బ. కింద పడినవాడు లేచి, "ఏం కాలేదు లే" అని ఇంటికి పోయి పడుకున్నాడు. పొద్దునకు లేవలేదు. వాడు నాకు బాగా తెలుసు. సెల్‌ఫోన్ రిపేరు అంగడిలో పనిచేసేవాడు. మాలాంటి వాళ్లకు టెంపర్డ్ గ్లాసు ఊరికే వేసి, డబ్బులిస్తే "పరీక్ష ఫీజు కట్టుకో పో" అనేవాడు. హింస వద్దని చెప్పడానికే సినిమా తీశాం. ఎడిటింగ్ అయ్యాక 20 మంది స్నేహితులకు చూపిస్తే, కొట్టేవాడు కనిపించినప్పుడల్లా ఈలలు వేశారు. చివర్లో ఒకడు "హీరో ఎంట్రీ అదిరింది మామా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ తప్పు చేశాను? లింకు పంపుతున్నాను, చూసి చెప్పండి.
— ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: నాయనా, నీ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి ఊరికే చూశాను. రెండోసారి గడియారం ముందు పెట్టుకుని, కాగితం మీద లెక్క రాసుకుంటూ చూశాను. కొట్టినవాడు తెర మీద 7 నిమిషాల 40 సెకన్లు ఉన్నాడు. దెబ్బ తిన్నవాడు 2 నిమిషాల 10 సెకన్లు. అందులో నిమిషంన్నర కింద పడే ఉన్నాడు. నిలబడి మాట్లాడింది 40 సెకన్లు. కొట్టినవాడిని తొమ్మిదిసార్లు పేరు పెట్టి పిలిచారు. ఆ రెండోవాడిని ఎవరూ ఒక్కసారి కూడా పిలవలేదు. సినిమా అయిపోయాక కాగితం కింద నేను రాసుకున్నది ఇదే: దెబ్బ తిన్న పిల్లోడి పేరేంది?

నీ స్నేహితులను తప్పు పట్టకు. ఈల వేయమని తెర మీద నుంచి నువ్వే చెప్పావు. కొట్టేవాడిని ముందు బూటుతో చూపించావు. తర్వాత కడియం వేసుకున్న చెయ్యి, తర్వాత మెడ, ఆ తర్వాత మొహం. కెమెరా నేల మీద పెట్టి పైకి తిప్పావు. డప్పు మోగించావు. నడకను స్లో మోషన్‌లో పెట్టావు. 1990ల చివర మొదలై పదేళ్లు ఆడిన ఫ్యాక్షన్ సినిమాలన్నీ ఈ వరుసలోనే మనిషిని తెర మీదికి తెచ్చాయి. మీరు పుట్టినప్పటి నుంచి టీవీలో చూస్తున్నది అవే. బూటు కనపడగానే నోట్లో వేలు పోవడం మీకు అలవాటైపోయింది. నువ్వు వేరే ఉద్దేశంతో తీశావని వాళ్లకెట్లా తెలుస్తుంది? మాటలతో "వీడు తప్పు చేశాడు" అని చెప్పావు. కెమెరాతో మాత్రం "వీడిని చూడండి" అన్నావు. చూసేవాళ్లు ఎప్పుడూ కెమెరా మాటే వింటారు.

నీ ఉత్తరాన్ని, నీ సినిమాను పక్కపక్కన పెట్టి చూడు. ఉత్తరంలో రెండు ముక్కల్లో ఆ పిల్లోడు నా కళ్ల ముందుకు వచ్చాడు. ఊరికే గ్లాసు వేసేవాడు, డబ్బులిస్తే ఫీజు కట్టుకోమనేవాడు. నాకు వాడి వేళ్లు కూడా కనిపించాయి. ఫోను మీద గ్లాసు పెట్టి, గాలి బుడగలు పోయేదాకా బొటనవేలితో మధ్యలో నుంచి అంచులకు నొక్కే వేళ్లు. సినిమాలో ఆ అంగడే లేదు. అక్కడ రెండు నిమిషాలు తియ్యి. పని చేసుకుంటుండగా ఎవరో వచ్చి వాడి పేరు పెట్టి పిలవాలి. నిజమైన పేరు వద్దు, ఆ సంగతి కింద ఇంకో ఉత్తరంలో చెప్పాను. కానీ ఏదో ఒక పేరు ఉండాలి. వాళ్లమ్మ పిలిచినట్లు పిలవాలి.

ఇంకో తేడా కూడా ఉంది, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉత్తరంలో ఒక్క దెబ్బ అన్నావు. సినిమాలో నేను పదకొండు లెక్కపెట్టాను. పది దెబ్బలకు పడి లేస్తూనే ఉన్నాడు, పదకొండో దెబ్బకు పోయాడు. ఎందుకు పెంచావో నాకు తెలుసు. ఒక్క దెబ్బకు మనిషి పోతాడంటే జనం నమ్మరని అనుకుని ఉంటావు. కానీ జరిగేది అదే. మా చెల్లెలు ఆసుపత్రి క్యాజువాలిటీలో 22 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసింది. తలకు దెబ్బ తగిలి నడుచుకుంటూ వచ్చేవాళ్లను చూస్తే తనకు ఎక్కువ భయమని చెప్పేది. పుర్రెకూ మెదడు మీది పొరకూ మధ్య రక్తనాళం తెగి, రక్తం మెల్లగా చేరుతూ ఉంటుంది. అంతవరకు మనిషి మామూలుగా మాట్లాడతాడు. కొన్ని గంటలకు తలనొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, మగతగా పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. ఆ టైములో పెద్దాసుపత్రికి తీసుకుపోయి స్కాన్ తీసి ఆపరేషన్ చేస్తే బతికేవాళ్లు చాలామంది ఉన్నారు.

నీ దగ్గర ఉన్న కథ అది. "ఏం కాలేదు లే" అన్నాడే, ఆ మాట మీద నీ సినిమా నిలబడాలి. లేచి ప్యాంటు దులుపుకుని, చెప్పు వెతుక్కుని, బండి ఎక్కి ఇంటికి పోతాడు. అమ్మ అన్నం పెడితే వద్దంటాడు. ఆమె "బయట ఏమన్నా తిన్యావా?" అని అడుగుతుంది. వాడు తల ఊపుతాడు. పదకొండు దెబ్బల ఫైటు తీసేస్తే నీకు రెండు నిమిషాల 20 సెకన్లు మిగులుతాయి. వాటిని ఆ ఇంటికి ఇవ్వు. నా కళ్లతో నేను వీధి గొడవలు నాలుగు చూశాను. ఏదీ నిమిషం దాటలేదు. తోపులాట, బూతులు, ఎవరో చొక్కా పట్టుకోవడం, ఒక చప్పుడు, తర్వాత అందరూ ఒక్కసారి నోరు మూసుకోవడం. ఆ చప్పుడు దగ్గర సంగీతం పెట్టొద్దు.

కొట్టినవాడి సంగతి. వాడిని రాక్షసుడిగా మార్చమని నేను అనడం లేదు. వాడి తండ్రి తాగొచ్చి కొట్టేవాడని ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టావు, నిమిషంన్నర. అది అబద్ధమని కూడా అనను, అట్లాంటి ఇళ్లు నా క్లాసులోనే చాలా చూశాను. కానీ అది పెట్టిన చోటు చూడు. సరిగ్గా దెబ్బ కొట్టే ముందు పెట్టావు. దాంతో కొట్టడానికి ఒక హక్కు ఇచ్చినట్లయింది. అదే సంగతి దెబ్బ కొట్టిన తర్వాత తెలిస్తే వేరుగా ఉంటుంది. ఆ రాత్రి వాడు ఇంటికి పోయాక ఏం చేశాడు? హెల్మెట్ ఎక్కడ పెట్టాడు? పొద్దున వార్త తెలిసేదాకా వాడికి అది మామూలు గొడవే కదా. తెలిసిన క్షణంలో మొహం ఎట్లా మారింది? ఆ మొహం నీ సినిమాలో లేదు. స్లో మోషన్ పెట్టాలని అంత కోరికగా ఉంటే అక్కడ పెట్టుకో.

వాడితో వచ్చిన నలుగురిని టైటిల్స్‌లో రౌడీ 1, రౌడీ 2, రౌడీ 3, రౌడీ 4 అని వేశావు. నలుగురూ ఒకేలా నిలబడి, ఒకేలా అరిచారు. నిజంగా అట్లా ఉండదు. ఏ గుంపులోనైనా చెయ్యి ఎత్తకుండా "కొట్టురా, చూస్తావేంది" అని ఎక్కించేవాడు ఒకడుంటాడు. పోలీసులు వచ్చేసరికి వాడు ఉండడు. ఇంకొకడు "వద్దు మామా, పోదాం పా" అని చొక్కా పట్టి లాగుతాడు. వాడి మాట ఎవరూ వినరు. ఇంకొకడు బైకు స్టార్ట్ చేసి పెట్టుకుంటాడు. రేపు కోర్టులో పై ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీద ఉండొచ్చు. లాగినవాడికి ఒక పేరు, ఒక మొహం ఇవ్వు. నీ సినిమా చూసే 20 మందిలో ఎక్కువమంది రేపు నిలబడబోయేది వాడి స్థానంలోనే. వాడు ఇంకొంచెం గట్టిగా లాగి ఉంటే ఏమయ్యేదో వాళ్లకు తట్టాలి.

చివరగా ఆ ఉగ్గాని బండి. తెల్లారి ఐదింటికి బొరుగులు నానబెట్టి, మిరపకాయలు చీల్చి పెట్టుకున్న మనిషి ఉంటుంది కదా ఆ బండి వెనకాల. నీ సినిమాలో ఆమె చేతులు మాత్రమే కనిపించాయి. కాగే నూనె పక్కన ఐదుగురు తోసుకుంటుంటే ఆమె ఏం చేసింది? బాండలి పట్టుకుందా, స్టవ్ ఆపిందా? మరుసటి రోజు అదే చోట బండి పెట్టగలిగిందా? ఇద్దరు పిల్లోళ్లకీ ఆమె చాలాసార్లు బజ్జీలు పెట్టి ఉంటుంది. ఆ వీధిలో ఇద్దరినీ ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే కావచ్చు. ఫోన్లు పైకెత్తి వీడియో తీసినవాళ్లను బాగా చూపించావు. అది నీ సినిమాలో నాకు నచ్చిన షాట్. వాళ్లలో ఒకడు మరుసటి రోజు ఆ వీడియోను ఫోనులోంచి తీసేయడం కూడా చూపిస్తే పోలీసులకు సాక్ష్యం ఎందుకు దొరకదో తెలుస్తుంది.

మళ్లీ తీసి పంపు. చూస్తాను.

ప్రశ్న: టీచరమ్మా, మాది కడప. నాటకాల మీద ఇష్టంతో ఐదేళ్లుగా షార్ట్ ఫిల్మ్స్‌లో నటిస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది చేశాను. ఏడింటిలో గూండా, ఒకదానిలో దొంగ, ఒకదానిలో శవం. నేను ముస్లింని, గడ్డం ఉంది, మనిషిని కొంచెం లావు. "నీకు మేకప్ కూడా అవసరం లేదు భాయ్" అంటారు. పొగిడినట్లే అంటారు. నేను కాదంటే ఆ వేషం కూడా పోతుంది. ఏం చెయ్యమంటారు?
— ఒక నటుడు, కడప

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టేశాను. నీకు జవాబు చెప్పాలంటే నేను ముందు నా తప్పు చెప్పుకోవాలి.

1993లో, సారా వ్యతిరేక ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, నేను అనంతపురం జిల్లాలో ఒక హైస్కూలులో తెలుగు చెప్పేదాన్ని. పిల్లలతో సారా అంగడి మీద ఒక నాటిక వేయించాను. అందులో అంగడి తరఫున జనాన్ని కొట్టే ఒక మనిషి ఉన్నాడు. వాడికి నేను పెట్టిన పేరు బండోడు. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నల్లగా, ఎత్తుగా ఉండేవాడు, గొంతు బొంగురు. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడి కనుబొమ్మ చీలింది. క్లాసులోకి పోయి వాడిని వేలితో చూపించి, "నువ్వేరా బండోడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. నాటికలో వేషం కట్టాలని ఉందా, ఏ వేషం కావాలి అని నేను అడగలేదు.

నాటిక బాగా ఆడింది. చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో వేశాం. ఆ తర్వాత ఊళ్లో పిల్లలు వాడిని బండోడా అని పిలిచారు. పెద్దవాళ్లు పిలిచారు. స్టాఫ్ రూములో మేమూ పిలిచాం. ఎక్కడ ఏం పోయినా, ఎక్కడ గొడవ జరిగినా ముందు వాడినే అడగడం మొదలైంది. పదో తరగతిలో మధ్యలో బడి మానేశాడు. వాళ్లమ్మ ఒకరోజు బడి దగ్గరికి వచ్చి, గేటు బయటే నిలబడి నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "టీచరమ్మా, నా కొడుక్కి పేరు పెట్టింది నేను గదా. మీరెందుకు మారిస్తిరి?"

వేమన పద్యాలు ఆ తరగతిలో వాడంత బాగా ఎవరూ పాడేవాళ్లు కాదు. ఆ బొంగురు గొంతులోనే పాడేవాడు. పోలియో వచ్చిన చెల్లెల్ని భుజం మీద ఎక్కించుకుని రోజూ బడికి తెచ్చేవాడు. నాటికలో మాస్టరు వేషం వాడికి ఇచ్చి ఉండొచ్చు. నాకు తట్టనే లేదు. తొమ్మిదేళ్ల తర్వాత వాడి పెళ్లిపత్రిక వచ్చింది. పేరు పక్కన బ్రాకెట్లలో "బండోడు" అని అచ్చు వేశారు, లేకపోతే ఊళ్లో ఎవరి పెళ్లో తెలియదని. ఆ పత్రిక నా దగ్గర ఇప్పటికీ ఉంది.

అందుకే నీకు చెప్తున్నాను. ఈసారి గూండా వేషం వస్తే కాదనే ముందు దర్శకుడిని మూడు మాటలు అడుగు. ఈ మనిషి పేరేంటి, ఇంట్లో ఎవరెవరున్నారు, గొడవ లేని రోజు ఏం పని చేస్తాడు? జవాబు చెప్పగలిగితే అది పాత్ర, చెయ్యి. చెప్పలేకపోతే నీ గడ్డాన్ని అద్దెకు అడుగుతున్నారని అర్థం. కడపలో పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు, ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకుంటారు. ఇట్లాంటి ఊళ్లో తీసే సినిమాల్లో కత్తి పట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ గడ్డం ఉండదంటే, ఆ దర్శకులు తమ వీధిని తాము చూడటం లేదు. వీలైతే నువ్వే ఒకటి రాయి. దెబ్బ తగిలినవాడిని మోసుకుపోయే ఆటో డ్రైవరు, రాత్రి డ్యూటీ ఫార్మసిస్టు, సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్న టైలరు, వీళ్లలో ఎవరి వేషమైనా నీకు బాగుంటుంది.

ఈ కాలమ్ చదివే దర్శకులకు కూడా ఒక మాట. "నీకు మేకప్ అవసరం లేదు" అని ఇంకెవరితోనూ అనకండి.

ప్రశ్న: మేడమ్, మా షార్ట్ ఫిల్మ్‌లో అందరూ సీమ యాసలో మాట్లాడాలని నేను, వద్దని మా ఎడిటర్. యాస పెడితే ఫ్యాక్షన్ సినిమాలా ఉంటుందంట. మాది ప్రొద్దుటూరు. మేం మాట్లాడేదే అది కదా?
— ఒక దర్శకుడు, ప్రొద్దుటూరు

జవాబు: పెట్టండి, తప్పకుండా పెట్టండి. అందరికీ పెట్టండి. తెలుగు సినిమాలో జరిగిన అన్యాయం ఏమిటంటే యాసను నరికేవాడికి ఇచ్చి, ప్రేమించేవాడికి, డాక్టరుకు, కలెక్టరుకు పుస్తకాల తెలుగు ఇచ్చారు. దాంతో "యాడికి పోతాండావు?" అనే మాట వినగానే బెదిరింపులా వినిపిస్తోంది. మా ఇంట్లో ఆ మాట అర్థం, చీకటి పడింది, తొందరగా రా అని. "తిన్యావా?" అనేది మేం రోజుకు నాలుగుసార్లు అనే మాట. మీ సినిమాలో ఎవరో ఒకరు ఆ యాసలో జోల పాడాలి, బాకీ అడగాలి, అమ్మాయికి భయపడుతూ మాట చెప్పాలి. అప్పుడు గొడవలో అదే యాస వచ్చినా అది మనిషి మాటలా ఉంటుంది.

ఒకటి గుర్తు చేస్తాను. నిజాం నవాబు 1800లో మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక చాలాకాలం వీటిని దత్తమండలాలు అనేవాళ్లు. ఎవరికో రాసిచ్చిన భూమి అన్నట్లుండే ఆ పేరు వద్దని, 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. తెలుగు సినిమాను నిలబెట్టిన దర్శకుల్లో బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల దగ్గరి కొత్తపల్లి. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు వచ్చింది, దక్షిణాదిలో ఆయనే మొదటివాడు. కె.వి.రెడ్డి గారు తాడిపత్రిలో పుట్టారు. వాళ్ల సినిమాల్లో సీమ అంటే కత్తి అని ఎక్కడా లేదు. కర్నూలు కొండారెడ్డి బురుజును ఇప్పుడు ఫైటు తీసే చోటుగానే జనం గుర్తుపడతారు. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అక్కడ బంధించారని, ఆ ఖైదీ పేరే దానికి నిలిచిపోయిందని మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు.

మీ ఎడిటర్ భయం కూడా తీసిపారేయదగింది కాదు. తొడ కొట్టడం, మీసం తిప్పడం యాసతో పాటు వచ్చేస్తాయి. వాటిని ఆపే పని ఆయనకే అప్పజెప్పండి.

ప్రశ్న: వీధి గొడవల మీద తీసే సినిమాల్లో ఆడవాళ్లు ఏడవడం తప్ప ఏమీ చెయ్యరెందుకు? నాకు ఈమధ్య తల్లి వేషం ఇచ్చి, డైలాగు ఒక్కటే ఇచ్చారు, "నా కొడుకా" అని.
— ఒక గృహిణి, తాడిపత్రి

జవాబు: అమ్మా, మీ ఊళ్లో 1880లో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు ఆడ వేషాలు ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టి, వాళ్లను నాటకాల్లోకి తెచ్చినవారు. ఆ ఊళ్లో ఇంకా ఇట్లాంటి వేషమే దొరుకుతోందంటే నాకు కష్టంగా ఉంది. మగపిల్లోడు చనిపోయిన ఇంట్లో ఆడవాళ్లు ఎన్ని పనులు చేస్తారో ఆ దర్శకుడు చూసి ఉండడు. ఆసుపత్రి దగ్గర కాగితాల మీద సంతకాలు, పోలీసు స్టేషన్లో బిడ్డ చొక్కా గుర్తుపట్టడం, వచ్చిన బంధువులకు నీళ్లివ్వడం, "పెద్దమనుషులు" రాజీకి వస్తే తలుపు దగ్గర నిలబడి వద్దనడం. కొట్టినవాడికీ ఒక తల్లి ఉంటుంది. ములాఖత్‌కు జైలు దగ్గర వరుసలో నిలబడే ఆ మనిషిని నేను ఏ షార్ట్ ఫిల్మ్‌లోనూ చూడలేదు. ఈసారి వేషం వస్తే, ఏడుపు నేను చేస్తాను గానీ దానికి ముందు నాకు ఒక పని చూపించండి అని అడగండి. కొడుకు చొక్కాకు గుండీ కుట్టడమైనా సరే.

ప్రశ్న: నిజంగా జరిగిన కేసు మీద సినిమా తీస్తే చట్టం దృష్టిలో ఏమైనా ఇబ్బందులుంటాయా? మా కథలో కొట్టినవాడికి 17 ఏళ్లు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉన్నాయి. 18 ఏళ్లు నిండని పిల్లలు నేరం చేసినవాళ్లయినా, బాధితులైనా, సాక్షులైనా, వాళ్ల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అదే చెప్తుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు మార్చి ఊరుకుంటే చాలదు, వీధి, అంగడి కూడా మార్చండి. నేను పై ఉత్తరంలో పేరు పెట్టమన్నది పాత్రకు.

ఇంకో చిన్న సంగతి. ఎస్సై పాత్ర "మూడొందల రెండు" అంటే ఈల పడుతుందని అందరూ అదే రాస్తున్నారు. అది పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో హత్య సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో హత్య 103వ సెక్షన్, హత్యాయత్నం 109. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే పాత సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో ముందు తేల్చుకోండి. దెబ్బ తగిలినవాడు తర్వాత చనిపోతే మొదట పెట్టిన కేసులో సెక్షన్ మారుస్తూ కోర్టుకు తెలియజేస్తారు. స్టేషన్లో ఒక కానిస్టేబుల్ ఆ మార్పు టైపు చేస్తుంటే పక్కనే బల్ల మీద తండ్రి కూర్చుని ఉండటం, మాటలేమీ అక్కర్లేని సీను అది.

ప్రశ్న: మేడమ్, మా సినిమా పూర్తయింది. చనిపోయిన అబ్బాయి వాళ్ల ఇల్లు మా వీధిలోనే. వాళ్లకు చూపించాలా వద్దా అని మా టీములో గొడవ. కాలేజీలో ప్రదర్శన వచ్చే నెల.
— ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: కాలేజీ కంటే ముందు వాళ్లకే చూపించాలి తల్లీ. అసలు కథ రాసేటప్పుడే పోయి అడిగి ఉండాల్సింది. ఇప్పుడైనా పో. టీమంతా పోవద్దు, ఇద్దరే పోండి, మీలో ఒకరు ఆ ఇంట్లో వాళ్లకు తెలిసినవాళ్లై ఉండాలి. ముందు ఒట్టి చేతులతో పోయి మాట చెప్పి రండి. వాళ్లు సరేనంటే ఇంకోరోజు ల్యాప్‌టాప్ తీసుకుపోండి. వాళ్లు ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోండి. ఆ అబ్బాయి పుట్టినరోజు, పోయిన రోజు మాత్రం కాకూడదు. దెబ్బ తగిలే సీను ఏ నిమిషంలో వస్తుందో ముందే చెప్పండి. తల్లి అప్పుడు లేచి వంటింట్లోకి పోవాలనుకుంటే పోతుంది. మీరు ఆమె మొహం కనపడే చోట కూర్చోవద్దు, వెనకాల కూర్చోండి. మధ్యలో ఆపమంటే ఆపండి, ఎందుకని అడగొద్దు. అయిపోయాక ఎట్లా ఉందని అడగొద్దు. "మా వాడు ఇట్లా నవ్వడు", "వాడు ఆ రంగు చొక్కా వెయ్యడు" అని వాళ్లంతట వాళ్లే ఏదో అంటారు. అది రాసుకుని రండి, నెల టైముంది, మార్చగలిగింది మార్చండి. వద్దు, ఇది ఎక్కడా వెయ్యొద్దు అంటే కాలేజీ వాళ్లకు ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి.